మా తోడల్లుడి కారులో ఇంజిన్ లైటు

బండికి దయ్యం పట్టిందంటూ ఎవరైనా నా షాపుకి వస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. గుంటూరులో మిర్చి యార్డుకి వెళ్ళే దారిలో నాది కార్ల ఎలక్ట్రికల్ షాపు. ఇన్నేళ్ళలో అలాంటి బళ్ళు చాలానే వచ్చాయి. తాళం తీసేసినా హారన్ మోగుతోందని ఒకాయన వచ్చాడు. చూస్తే స్టీరింగ్ కింద స్విచ్చిలోకి నీళ్ళు దిగాయి. వాన లేకుండా వైపర్లు వాటంతటవే ఆడుతున్నాయని ఇంకొకాయన పూజారిని కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. రిలే అతుక్కుపోయింది, అంతే. శ్మశానం పక్కనుంచి వచ్చినప్పటినుంచి హెడ్‌లైట్లు ఆరిపోతున్నాయని ఒక కుటుంబం మొత్తం ఒట్టేసి చెప్పింది. ఫ్యూజు బాక్సులో చచ్చిన బల్లిని స్క్రూడ్రైవరుతో తీసి వాళ్ళ ముందు పెట్టాను.

కాబట్టి ఇది చదివి నన్ను ఆ కుటుంబంతో కలిపెయ్యొద్దు. నేను దయ్యాల్ని ఎప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. అయితే ముందు మా తోడల్లుడి గురించి చెప్పాలి. అతని పేరెత్తితే నాకు ఇంకా ఎక్కువ ఒళ్ళు మండుతుంది.

నా భార్య సుజాతకి ఒక్కతే చెల్లెలు, పద్మ. పద్మకి చిన్నప్పటినుంచీ ఉబ్బసం. ఆయాసం మొదలైతే పక్క గదిలోకి కూడా పిల్లికూతలు వినిపిస్తాయి. అలాంటి పిల్లని చిలకలూరిపేట అవతల, మిరప, పత్తి వేసే ఇంట్లో ఇస్తామని మా మామగారు అన్నప్పుడు నేనొక్కణ్ణే వద్దన్నాను. ఊరు ఊరంతా మిరపకాయలు ఎండబోసే చోటికి ఉబ్బసం పిల్లని పంపడమేమిటని గొడవ పెట్టుకున్నాను. నా మాట ఎవరూ వినలేదు. పెళ్ళికొడుకు కోటేశ్వరరావు మాత్రం అందరి ముందూ, "ఆ పిల్లని కల్లంలో అడుగు పెట్టనియ్యను" అన్నాడు. మా మామగారు ఆ ఒక్క మాటకి పడిపోయారు.

కల్లం అంటే పొలం పక్కన కాయలు ఎండబోసే జాగా. కోతలప్పుడు అక్కడ గాలి పీల్చాలంటే గుంటూరు వాళ్ళకే కష్టం. పెళ్ళయిన రెండో ఏటికల్లా పద్మ ఆ కల్లంలో కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. కూలీలు దొరకడం లేదన్నాడు కోటేశ్వరరావు. అతని తల్లి నాగరత్నమ్మగారైతే, "మా కాలంలో ఆయాసాలు మాకు లేవా" అంది. మూతికి చీర కొంగు చుట్టుకుని కాయలేరుతున్న పద్మని చూసి నేను ఆ రోజు అన్నం తినకుండా వెనక్కి వచ్చేశాను. ఆ తర్వాత అతనితో నేను మాట్లాడేది అవసరమైనంత వరకే.

కారు మాత్రం నేనే చూసి కొనిపెట్టాను. పద్మకి ఎప్పుడు ఆయాసం ముదిరినా గుంటూరులో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకురావడానికి ఇంట్లో బండి ఉండాలని సుజాత పట్టుబట్టింది. తెల్ల రంగు డీజిల్ కారు, పాతదే. ఒక డాక్టరుగారు జాగ్రత్తగా వాడుకున్నది. అది ఎవరినీ గుద్దలేదు, అందులో ఎవరూ చావలేదు. తర్వాత ఆ డాక్టరుగారి డ్రైవరుని కూర్చోబెట్టి అడిగాను కూడా. ఇలాంటి కథల్లో ఎప్పుడూ చెప్పే పాత యజమాని చావు ఇందులో లేదు. ఉంటే నాకు పని తేలికయ్యేది.

కిందటి మిరప కోతలప్పుడు పద్మకి కల్లంలోనే ఊపిరాడలేదు. కోటేశ్వరరావు కారులో వేసుకుని గుంటూరు బయల్దేరాడు. ఊరు దాటి సాగర్ కాలవ వంతెన ఎక్కేసరికి ఇంజిన్ లైటు వెలిగింది. పసుపుపచ్చగా ఇంజిన్ బొమ్మ వెలుగుతుందే, అది. దాంతోపాటు బండిలో పికప్ చచ్చిపోయింది. ఎంత తొక్కినా నలభై దాటలేదట. హైవే మీద లారీలన్నీ హారన్ కొడుతూ దాటిపోతుంటే, పక్కసీట్లో పద్మ పెదాలు నల్లబడుతుంటే, అతను అలాగే ఈడ్చుకుంటూ వచ్చాడు. ఇంకాస్త ఆలస్యమైతే చేతిలో ఉండేది కాదని డాక్టరు అన్నారు.

పద్మ కోలుకున్నాక అతను కారు తెచ్చి నా షాపు ముందు పెట్టాడు. "నువ్వు కొనిపెట్టిన బండే అన్నయ్యా" అన్నాడు. దెప్పడానికే అన్నాడు.

ఇంజిన్ లైటు వెలిగిందంటే బండిలోని కంప్యూటరు ఏదో తేడా పసిగట్టినట్టు. బండి ఇంకా పాడవకుండా కొన్నిసార్లు అదే బలం తగ్గించేస్తుంది. లైటు ఆరిపోయినా, ఎందుకు వెలిగిందో దాని గుర్తు లోపల మిగులుతుంది. స్కానర్ పెడితే కోడ్ రూపంలో కనిపిస్తుంది. ఈ బండికి స్కానర్ పెట్టాను. ఒక్క కోడ్ కూడా లేదు. బ్యాటరీ వైరు పీకితే కోడ్ చెరిగిపోతుంది, పీకావా అని అడిగితే, దాని జోలికే పోలేదన్నాడు.

వచ్చి పోయే జబ్బంత దరిద్రం ఇంకోటి లేదు. మా దగ్గర ఉన్నన్నాళ్ళూ బండి బుద్ధిగా ఉంటుంది. వారం రోజులు ఆ కారు నేనే తిప్పాను. మంగళగిరి వరకు హైవే మీద తొక్కాను. ఇంజిన్ వేడెక్కేలా ట్రాఫిక్‌లో నిలబెట్టాను. లైటు వెలగలేదు.

చివరికి ఇంజిన్ పైకవరు తీస్తే ఒక సెన్సరు కనెక్టరులో పచ్చటి చిలుము దొరికింది. పక్కనే పసుపు, కుంకుమ ఎండి అట్టలు కట్టి ఉన్నాయి. నాకు వెంటనే అర్థమైంది. దసరాకి అందరూ బండి ముందు కొబ్బరికాయ కొడతారు. నాగరత్నమ్మగారు బానెట్ తెరిపించి, ఆ కొబ్బరినీళ్ళు సరిగ్గా ఇంజిన్ మీదే పోస్తుంది. ఫోనులో అడిగితే ఏమాత్రం తడుముకోకుండా, "ప్రాణముండేది అక్కడేగా అబ్బాయ్, చక్రానికి పోస్తే ఏం లాభం?" అంది. ఆమెకి చెప్పాల్సిందంతా చెప్పాను. పెద్దావిడ అని కూడా చూడలేదు. కొబ్బరినీళ్ళు పోసి పద్మ ప్రాణం తీయబోయారని అన్నాను. కనెక్టరు కడిగి, పిన్నులు గీకి, కొత్తది వేసి, బండి పంపించేశాను. నా లెక్కలో పని అయిపోయింది.

తర్వాత పద్మని చూపించడానికి అతను డాక్టరు దగ్గరికి తీసుకొస్తుంటే, అదే వంతెన మీద మళ్ళీ వెలిగింది.

అప్పటినుంచి ఆ కారు నా షాపుకి, వాళ్ళ ఊరికి మధ్య తిరుగుతూనే ఉంది. ఇంజిన్ ఎర్తు వైరు మార్చాను. ఎలుక కొరికిన వైరు ఒకటి దొరికితే పండగ చేసుకున్నాను. డీజిల్ ఫిల్టరు, యాక్సిలరేటరు పెడల్ సెన్సరు కూడా మార్చాను. ప్రతిసారీ నా దగ్గర బాగుండేది. అతను పద్మని ఎక్కించుకుని వస్తే వెలిగేది. "ఆ బల్బు పీకెయ్యి అన్నయ్యా, పీడ వదిలిపోద్ది" అన్నాడు ఒకసారి. బల్బు పీకితే జబ్బు పోతుందా? జ్వరం వచ్చిందని థర్మామీటరు పగలగొట్టుకుంటావా అని అరిచాను. షాపులో పనివాళ్ళు తలలు వంచుకున్నారు.

ఒక రోజు ఆలోచిస్తుంటే తట్టింది. లైటు దారిని బట్టి కాదు, మనుషుల్ని బట్టి వెలుగుతోంది. అతను ఒక్కడే నడిపితే రాదు. పత్తి విత్తనాలకని, పురుగుమందులకని ఒంటరిగా ఎన్నోసార్లు గుంటూరు వచ్చి వెళ్ళాడు, ఏమీ కాలేదు. నేను పద్మని కూర్చోబెట్టుకుని వాళ్ళ ఊరినుంచి వంతెన మీదుగానే తీసుకొచ్చాను, ఏమీ కాలేదు. అతని తల్లిని ఎక్కించుకుంటే రాలేదు. పద్మ బరువుకి సరిపడా మిరపకాయల టిక్కీ, అంటే బస్తా, ముందు సీట్లో పెట్టించి అతన్ని నడపమన్నాను, అప్పుడూ రాలేదు. అతను నడపాలి, పద్మ ఎక్కాలి. ఇద్దరూ ఉంటేనే వెలుగుతుంది.

ఇది తెలిసినప్పుడు నాకు భయం వేయలేదు. కోపం వచ్చింది. బండికి మొగుడూ పెళ్ళాం తెలియదు. తెలిసేది మనిషికే. వీడే ఏదో చేస్తున్నాడనుకున్నాను. రోగిష్టి పెళ్ళాన్ని వదిలించుకోవాలనుకునేవాడికి ఇంతకన్నా తేలిక దారి ఏముంది? బండి మొరాయించింది, దారిలో పోయింది, నా తప్పేం లేదు అనొచ్చు. సుజాతకి చెబితే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ రాత్రే పద్మని తెచ్చేసుకుందామంది. రుజువు లేకుండా అల్లరి పెట్టకూడదని నేనే ఆపాను. రుజువు పట్టుకునే పని నాది.

ఒక ఆదివారం ఇద్దరినీ భోజనానికి పిలిచాం. సాయంత్రం తిరిగి వెళ్ళేటప్పుడు నేనూ వస్తానని కారెక్కాను. అతను నడుపుతున్నాడు, పక్కన పద్మ. వెనకసీటు మధ్యలో నేను, ఒళ్ళో స్కానర్. దాని వైరు డ్యాష్‌బోర్డు కిందనుంచి నా దాకా లాక్కున్నాను. అతని చేతులు, కాళ్ళు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. యడ్లపాడు దాటాం. ఇంకా వెలుతురు బాగానే ఉంది, రెండువైపులా పత్తి కట్టె ఎండి నిలబడి ఉంది.

వంతెన దగ్గర లైటు వెలిగింది. బండి మూలిగి మందగించింది.

అతని రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉన్నాయి. ఎడమ కాలు నేల మీద, కుడికాలు యాక్సిలరేటరు మీద. నేను స్కానర్ చూశాను. ఇంజిన్ వేడి, గాలి, డీజిల్ ఒత్తిడి, పెడల్, అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. కోడ్ లేదు. అంతకన్నా అన్యాయం ఏమిటంటే, ఇంజిన్ లైటు ఇప్పుడు వెలుగుతోందా లేదా అన్నది కూడా ఆ స్కానర్ చూపిస్తుంది. వెలగడం లేదని చూపిస్తోంది. కంప్యూటరు లైటు వేయలేదంటోంది. బలం తగ్గించలేదంటోంది. లైటు నా కళ్ళ ముందు వెలుగుతోంది, పక్కనుంచి మిరపకాయల ట్రాక్టరు మమ్మల్ని దాటిపోతోంది.

"ఏం చేశావురా?" అన్నాను.

తోడల్లుణ్ణి రా అనడం చిన్న సంగతి కాదు. అతను బండి పక్కకి ఆపి వెనక్కి తిరిగాడు. "మాట జారమాక అన్నయ్యా. నా పెళ్ళాన్ని నేనెందుకు చంపుకుంటాను?" అన్నాడు. నా మనసులో ఉన్నది అతనికి ఎప్పుడో తెలుసన్నమాట. నేను ఇంకా రెండు మాటలు ఎక్కువే అన్నాను. అతనూ అన్నాడు. కారు కొనడంలో నేను డాక్టరుగారి దగ్గర కమీషన్ తిన్నానన్నాడు. పద్మ ఇద్దరినీ ఆపలేక అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆ గొడవ వాళ్ళ ఇంటి దాకా సాగింది. నాగరత్నమ్మగారు అరుగు మీద కూర్చుని అంతా విని, "వాళ్ళిద్దరి మీదా దిష్టి ఉంది. బండిలో కూర్చోబెట్టి తియ్యాలి" అంది. నేను పట్టించుకోలేదు. చీకటి పడింది, బస్సులు లేవు. పౌరుషం చంపుకుని అక్కడే పడుకోవాల్సి వచ్చింది. తెల్లారేసరికి పద్మకి పిల్లికూతలు మొదలయ్యాయి. పెద్ద ఆయాసం కాదు, మాట్లాడుతూనే ఉంది. కానీ ముదరకముందే గుంటూరు తీసుకుపోదామని బయల్దేరదీశాను.

పద్మ ముందు సీట్లో కూర్చుంది. నేను తాళం అడిగాను. కోటేశ్వరరావు ఇవ్వలేదు. "నా పెళ్ళాం, నా బండి. నేనే నడుపుతా. నువ్వు ఎనకాల కూకుని నా కాళ్ళు చూసుకో" అన్నాడు. ఆయాసపడే పిల్ల ముందు తాళం కోసం పెనుగులాడలేక వెనకసీట్లో కూర్చోబోయాను.

అప్పుడు చూశాను, నాగరత్నమ్మగారు పిడకల నిప్పున్న మూకుడు తెచ్చి కారు ముందు పెట్టింది. కుడిచేతి గుప్పిట్లో ఎండుమిరపకాయలు, ఉప్పు. కారు చుట్టూ తిరుగుతూ ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అని గొణుగుతోంది. ఉబ్బసం మనిషి ముందు మిరపకాయలు కాలుస్తారా ఎవరైనా? నేను పరుగెత్తేలోపు గుప్పిట నిప్పుల్లో విప్పేసింది.

ఎండుమిరపకాయ నిప్పుల్లో పడితే ఏమవుతుందో మా గుంటూరు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. వీధి చివర ఉన్నవాడు కూడా దగ్గుతాడు. దిష్టి ఉంటే ఘాటు రాదని ఆడవాళ్ళు అంటారు, మా అమ్మా అనేది. నేను ముక్కు మూసుకుని మూకుణ్ణి కాలితో తన్నబోయి ఆగిపోయాను.

కాయలు నల్లగా మాడుతున్నాయి. గింజలు చిటపటమంటున్నాయి. పొగ నా మొహానికే కొడుతోంది. ఘాటు లేదు. ముక్కు మీదనుంచి చెయ్యి తీసి కావాలనే పీల్చాను. పిడక పొగ వాసన తప్ప ఏమీ లేదు. పద్మ వైపు అద్దం దించి ఉంది, తనూ దగ్గలేదు. దొడ్లో గేదె కూడా కదల్లేదు.

"చూశావా అబ్బాయ్, ఎంతుందో" అంది నాగరత్నమ్మగారు. ఆమె మొహంలో గెలిచిన కళ ఉంది.

చచ్చు కాయలేమోనని ఆమె చేతిలో మిగిలిన కాయ లాక్కుని కొరికాను. నోరు భగ్గుమంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాయలో లోపం లేదు. మంట రేగి కాలితే ఘాటు తగ్గుతుందేమో అని తర్వాత నా షాపు వెనక పిడకల నిప్పులోనే వేసి చూశాను. వాళ్ళింటినుంచి తెప్పించిన అవే కాయలు. పక్కన టైర్ల షాపు వాళ్ళు బయటికి వచ్చి నన్ను తిట్టారు.

సరే, బయల్దేరాం. ఊళ్ళో దుమ్ముకి అద్దాలు ఎత్తేశాం. ఏసీ వేయలేదు. బండి బలం తగ్గితే అదొక భారమని నేనే వద్దన్నాను. పద్మ చేతిలో పీల్చే మందు ఉంది. నేను అతని కాళ్ళే చూస్తున్నాను.

వంతెన దిగాక లైటు వెలిగింది. వెంటనే ఘాటు వచ్చింది.

కొంచెం కొంచెంగా రాలేదు. మూకుడు తెచ్చి ఒళ్ళో పెట్టినట్టు ఒక్కసారిగా వచ్చింది. పొగ లేదు, ఎదుటి రోడ్డు స్పష్టంగా కనిపిస్తోంది. నా గొంతు పట్టేసింది, కళ్ళు తెరవలేకపోయాను. నేను కొరికిన కాయ మంట నోట్లో ఉంది నిజమే. కానీ ఇది ఊపిరితిత్తుల్లో మండుతోంది. ముందుసీట్లో పద్మ నడుం విరిగినట్టు ముందుకి వాలిపోయింది. మందు చేతిలోంచి జారిపోయింది. ఆమె దగ్గడం కూడా లేదు, గాలి కోసం నోరు తెరుస్తోంది, అంతే.

కోటేశ్వరరావు మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. "ఏంది? ఏమైంది? పద్మా! ఏంది అన్నయ్యా?" అంటున్నాడు. అతని కళ్ళు పొడిగా ఉన్నాయి. గొంతు మామూలుగా ఉంది.

"ఘాటు... ఆపు" అన్నాను.

"ఏం ఘాటు?" అన్నాడు.

ఆ ఒక్క మాటకి నాకు భయం వేసింది. ఈ ముక్క రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది.

అతను బండి ఆపాడు. నేను పద్మని బయటికి లాగి, పత్తిచేను గట్టు మీద కూర్చోబెట్టి, మందు పీల్పించాను. బయటి గాలి తగలగానే నా గొంతు తేరుకుంది. పద్మకి ఊపిరి రావడానికి ఇంకా కాసేపు పట్టింది. అంతసేపూ అతను ఆమె వీపు నిమురుతూ, "ఏం కాదు, ఏం కాదు" అంటూనే ఉన్నాడు. బయట ఏమీ కాలేదు. అతను తాకినా ఏమీ కాలేదు.

గాలి ఆడేలా నాలుగు తలుపులూ తెరిచిపెట్టి, మళ్ళీ పద్మని కూర్చోబెట్టాం. లోపల వాసన లేదు. నేను తల పెట్టి పీల్చి చూశాకే ఎక్కించాను. అతను వచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఇంకా తాళం తిప్పలేదు. పద్మ రెండు చేతులతో గొంతు పట్టుకుంది. వెనక తలుపు దగ్గర నిలబడ్డ నాక్కూడా గుప్పున కొట్టింది.

అతను ఆమెని చూశాడు. నన్ను చూశాడు. నిదానంగా దిగి, తాళం సీటు మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి నడిచాడు.

"నువ్వు తీసకపో అన్నయ్యా" అన్నాడు.

నేను ఎక్కి స్టార్ట్ చేశాను. ఇంజిన్ లైటు లేదు. ఘాటు లేదు. బండి బాణంలా లాగింది. అద్దంలో చూస్తే అతను గట్టు మీద చేతులు వేలాడేసుకుని నిలబడి ఉన్నాడు. వీడు నా మరదల్ని చంపుతున్నాడని అప్పటివరకు నమ్మినవాణ్ణి, అతన్ని నడిరోడ్డు మీద వదిలేసి పోతున్నాను.

పద్మ బతికింది. ఆస్పత్రినుంచి మా ఇంటికే తెచ్చుకున్నాం. ఆ కారుని నేను నట్టు నట్టు ఊడదీశాను. డ్యాష్‌బోర్డు మొత్తం దించాను. గాలి వచ్చే గొట్టాల్లో పత్తి నూగు, మిరప దుమ్ము ఉన్నాయి. మా వైపు తిరిగే ఏ కారులోనైనా ఉంటాయి. ఆ దుమ్మే ఎగిరిందనుకోవచ్చు. కానీ ఫ్యాను ఆపి ఉంది. పైగా దుమ్ము ఇద్దరి గొంతులు ఎంచుకుని మూడో వాణ్ణి వదలదు. అతని ముక్కు పనిచేయదేమో అనుకున్నాను. పద్మని చూడ్డానికి వచ్చినరోజు వంటింట్లో సుజాత పోపు వేస్తే, వరండాలో కూర్చున్న అతనే అందరికన్నా ముందు తుమ్మాడు.

బాగుచేసి ఆ కారుని కనిగిరి వైపు భార్యాభర్తలకి అమ్మించాం. తెలిసిన కుర్రాడి ద్వారా ఆరా తీస్తూనే ఉన్నాను. ఇద్దరూ శుభ్రంగా తిరుగుతున్నారు, లైటు ఒక్కసారి కూడా వెలగలేదు.

కోటేశ్వరరావు ప్రతి ఆదివారం బస్సులో వచ్చేవాడు. వరండాలో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు. ఒక ఆదివారం పద్మని పంపించమన్నాడు. సుజాత పంపనంది. నేనూ పంపనన్నాను. "నేనేం చేశానో చెప్పు అన్నయ్యా, మానేస్తా" అన్నాడు. కల్లంలో కూర్చోబెట్టావు అన్నాను. ఈసారి కాయ ఇంటికి తేకుండా పొలంనుంచే కోల్డ్ స్టోరేజీకి పంపేశానన్నాడు, వాళ్ళ అమ్మని వాళ్ళ అక్క దగ్గర దింపి వచ్చానన్నాడు. అయినా పంపనన్నాను. భయంతో అన్నానో కక్షతో అన్నానో నాకే తెలియదు.

పద్మ గదిలోంచి సంచీ పట్టుకుని వచ్చింది. "అది నా ఇల్లు బావా. ఊపిరి నాది. నేను చూసుకుంటాను" అంది. అంతకుముందు ఎప్పుడూ నాకు ఎదురు చెప్పని పిల్ల.

నేనే బస్టాండుకి వెళ్ళి సాగనంపాను. కోటేశ్వరరావు ఆమెని కిటికీ పక్కన కూర్చోబెట్టి, కండక్టరుకి ఊరు చెప్పి, మందు చేతికి అందేలా సంచీ పైజేబులో పెట్టి, బస్సు దిగిపోయాడు. బస్సు కదిలింది. అతను ఎక్కలేదు.

"నువ్వెళ్ళవా?" అన్నాను.

"తర్వాత బస్సుకి పోతాలే. దాంట్లో ఖాళీ లేదు" అన్నాడు.

బస్సులో సగం సీట్లు ఖాళీగానే ఉన్నాయి. నేను చూశాను. నేను చూశానని అతనికీ తెలుసు.

ఇప్పటికీ అంతే. డాక్టరు దగ్గరికి వచ్చినా, పెళ్ళికి వచ్చినా, వాళ్ళిద్దరూ కలిసి ఏ బండీ ఎక్కరు. ముందు బస్సులో పద్మ దిగి మా ఇంటికి వస్తుంది. కాఫీ తాగి వరండాలో కూర్చుంటుంది. తర్వాతి బస్సులో అతను వస్తాడు. ఇంకో కారులో కూర్చుంటే ఏమవుతుందో ఒక్కసారి చూద్దామని నేను అడగలేదు, వాళ్ళూ అనలేదు. ఆ లైటు ఎందుకు వెలిగిందో, ఆ ఘాటు ఎక్కడినుంచి వచ్చిందో, అతనొక్కడికే ఎందుకు తగల్లేదో నాకు తెలియదు. చెప్పగలిగినవాళ్ళు కూడా ఎవరూ దొరకలేదు.

అతనంటే నాకు ఇప్పటికీ పడదు. కానీ అతను రావడం ఆలస్యమైతే, పద్మ అలా వీధిలోకి చూస్తూ కూర్చుంటే లోపల ఉండలేక, నేనూ వెళ్ళి గేటు దగ్గర నిలబడుతున్నాను.